కుడితి బకెట్టు

సగిలేరు పొంగి రాచర్ల దోవ తెగిపోయిన ఏడాది, గొర్రెలు కాసే యల్లయ్య కొడుకు ఆదిశేషు సైప్రస్ దేశం వెళ్లాడు. చదివేది పురావస్తు శాస్త్రం. అక్కడ పూడిపోయిన పాత ఊరిని తవ్వుతూ విద్యార్థులకు పని నేర్పుతున్నారు. వాడితో చదివే గిద్దలూరు ఎడ్విన్ కూడా వచ్చాడు. మొదటి వారమంతా మట్టి జల్లెడ పట్టించి, ఆ తర్వాతే ఆదిశేషును గుంటలోకి దింపారు. దిగిన రోజే చెంబంత కుండ దొరికింది, చిన్న పగులైనా లేకుండా.

ఇంట్లో తల్లి అంకాలమ్మ చేసిన అలవాటు కదా, మట్టి కుండ కనపడగానే బకెట్టు నీళ్లలో ముంచి, లోపలా బయటా శుభ్రంగా కడిగి, తవ్వకం నడిపించే మేడమ్ చేతికిచ్చాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు.

మేడమ్ ముఖం మాడిపోయింది.

"ఆ ఇంటివాళ్లు ఏం తిన్నారో కుండలోని మట్టే చెబుతుంది. దాన్నే కడిగేశావు! రేపటి నుంచి నువ్వు గుంటలోకి దిగొద్దు. వంటపాకలో పని చూసుకో," అంది.

ఎడ్విన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఏంది బావా, సముద్రాలు దాటొచ్చి అంట్లు తోమినావా?"

"నవ్వొద్దురా. గుంట పోతే నేనొచ్చిందంతా దండగ."

"ఆ నీళ్లు గూడా పారబోసినావా?"

"పారబోసేదేంది? మా ఇంట్లో కడుగునీళ్లు పారబోస్తే అమ్మ ఊరుకుంటాదా? కుడితికి పెట్టినా, ఈడ కాపలా ఉండే ఆయన మేకలకు..."

కుండలోని మట్టి ఆ నీళ్లలోనే ఉందని తట్టి, మాట పూర్తికాకముందే ఆదిశేషు మేకల దొడ్డికి పరుగెత్తాడు. అప్పటికే ఒక మేక బకెట్టు మీదికి మెడ చాచింది. "హెయ్!" అని రాచర్ల గొంతుతో అదిలించాడు. సైప్రస్ మేకైనా వెనక్కి తగ్గింది.

బకెట్టు ఒలక్కుండా తెచ్చి మేడమ్ ముందు పెట్టాడు. ఆమె పలచటి గుడ్డలో నీళ్లు వడగట్టింది. గుడ్డ మీద బురద, బురదలో మాడి నల్లబడిన పప్పుగింజలు. వాటిని వేలితో తాకకుండా చాలాసేపు చూసింది.

"గింజలు దక్కాయి. కుండ గోడకు అంటింది మాత్రం పోయింది. అది నీ తప్పే."

"అవును మేడమ్. ఇంకోసారి జరగదు."

"సరే, గుంటలోకి దిగు. బకెట్టు జోలికి మాత్రం పోకు."

"కుడితి పుణ్యాన బతికిపోయినావు పో," అన్నాడు ఎడ్విన్.

మరునాడు పొద్దున అందరికంటే ముందు ఆదిశేషే గుంటలోకి దిగాడు. నిన్నటి చోటు పక్కనే ఇంకో కుండ మెడ దాకా బయటపడింది. తుడవలేదు, ఊదలేదు. తలగుడ్డ విప్పి, మజ్జిగ కుండకు కట్టినట్టు మూతికి వాసెన కట్టి, మేడమ్‌ను కేకేశాడు.