ముందుపన్ను

ఇంటిల్లిపాదీ ముఖాలు కడుక్కుని, కాఫీలు తాగి, టిఫిన్ బాక్సులు పట్టుకుని కదిలితే గానీ ఆమెకు వాష్‌బేసిన్ ఖాళీ అవదు. బ్రష్ ఆనగానే నురగ ఎర్రబడుతుంది. పదకొండేళ్లుగా మింగుతున్న ఫిట్స్ మాత్రలకు చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పాకాయి. "పళ్లు తోముకోవడానికి కూడా బద్ధకమేనా తల్లీ?" అంటుంది అత్తగారు. అందరికంటే ముందు లేచి గొడ్డుచాకిరీ చేసేది తనే అయినా, బద్ధకస్తురాలన్న బిరుదు కూడా తనకే దక్కింది.

పోయిన వారం ఫిట్స్ వచ్చినప్పుడు, నాలుక కొరుక్కుంటుందేమోనని భర్త స్టీలు చెంచా నోట్లో దూర్చాడు. ముందుపన్ను పుటుక్కున విరిగింది. భయంతో చేశాడు, ఆ మాట ఆమె ఒప్పుకుంటుంది. కానీ తనకు తెలివొచ్చేసరికే కథ అల్లేసి ఉంచారు. "బాత్రూంలో జారిపడ్డావని చెప్పు. నలుగురికీ తెలిస్తే ఏం బాగుంటుంది?" విరిగింది తన పన్ను, కానీ తన నోటి నుంచి ఏ మాట రావాలో వాళ్లు తేల్చారు. ఇంతమందిలో ఉండి తనకెవరూ లేరనిపించింది ఆమెకు.

పళ్ల డాక్టరమ్మ దగ్గరా భర్తే మాట్లాడాడు.

"మాత్రలేమైనా వాడతారా?"

"అబ్బే, గుండ్రాయిలా ఉంటుందండీ."

"మరి చిగుళ్లు ఇలా ఉన్నాయేంటి?"

"సరిగ్గా తోముకోదండీ" అని నవ్వాడు.

"సరే, తీసి పెట్టుకునే పన్ను ఇస్తాను. తేలిగ్గా అయిపోతుంది."

తీసి పెట్టుకునే పన్ను! ఫిట్స్‌లో అది ఊడి గొంతులోకి జారితే? పైగా చెంచాతో దాన్ని ఇంకా లోపలికి తోస్తే? వీళ్ల పరువు కోసం ఊపిరాడక చావాలా? నోరు తెరిచి పడుకున్నది కాస్తా లేచి కూర్చుంది.

"నాకు ఫిట్స్ ఉన్నాయండీ. పదకొండేళ్ల నుంచి మాత్రలు వేసుకుంటున్నాను."

భర్త ముఖం మాడిపోయింది.

డాక్టరమ్మ చేతిలోని అద్దం పక్కన పెట్టింది. "మంచి పని చేశావమ్మా. అయితే ఊడకుండా బిగించే పన్నే పెడదాం. చిగుళ్లు ఉబ్బింది మాత్రల వల్ల, నీ తప్పేం లేదు. మాత్రలు మార్చొచ్చేమో మీ డాక్టర్నడుగు. నీ అంతట నువ్వు మాత్రం ఆపకు."

నీ తప్పేం లేదు. పదకొండేళ్లలో ఆ మాట అన్నవాళ్లు లేరు. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

"ఫిట్స్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు?"

భర్త గొంతు సవరించుకున్నాడు. ఈసారి అతనికి ఆ అవకాశం ఇవ్వలేదు ఆమె.

"ముందు కిటికీలు మూస్తారండీ."