కాగితం వెనకవైపు

కత్తి చేతిలోంచి జారడం మొదలై రెండు నెలలైంది. అద్దం మేస్త్రికి కుడి బొటనవేలు మొద్దుబారిపోయింది. యాభయ్యేళ్ళు అదే వేలితో కత్తి వెన్ను నొక్కితే నరం నలగక ఏమవుతుందన్నాడు డాక్టరు, తప్పంతా వేలిదే అన్నట్టు. ఇక కత్తి పట్టొద్దన్నాడు. చెప్పడం తేలిక. జాలిపడడం అంతకన్నా తేలిక. వీధిలో ప్రతివాడూ ఆ రెండూ చేసి, చేతులు దులుపుకుని వెళ్ళాడు.

మేస్త్రి పని దళసరి నల్ల కాగితంలో అక్షరాలు కోయడం. కోసిన కాగితాన్ని చెక్కపెట్టెకి ముందు బిగించి వెనక దీపం పెడితే అక్షరాలు వెలుగుతాయి. దుకాణాలకీ ఆసుపత్రి గదులకీ అలాంటి బోర్డులు చేసిస్తారు. పెట్టె చేయడం, దీపాలు అమర్చడం కూతురి వంతు. కాగితం తండ్రి వంతు. పెన్సిలు మరక ముందుకు కనబడకూడదని అక్షరాల్ని కాగితం వెనకవైపు తిరగేసి గీసి, వెనకనించే కోస్తాడు. నాలుగో తరగతిలో బడి మానేసి ఈ పని బల్ల దగ్గరే రాత నేర్చుకున్నాడేమో, అతనికి తిరగరాతే సొంత రాత. సూటిగా రాయమంటే ఒక్క క్షణం ఆగి ఆలోచించుకుంటాడు. అద్దం అన్న పేరు అలా అంటుకుంది.

"మిషన్ కొందాం నాన్నా. నువ్వు గియ్యి, అది కోస్తుంది," అంది కూతురు.

'నువ్వు గియ్యి' అన్న ముక్క చెవిన పడగానే మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. గీయడానికి వేలు నొక్కక్కర్లేదు. గీత తనదైతే కోసింది ఎవరైతేనేం, బల్ల ముందు కూర్చునే చోటు మిగులుతుంది. లేదంటే గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళకి వేలి కథ చెప్పుకుంటూ పొద్దు పుచ్చాలి.

షాపులో రెండు మిషన్లు తెరిచిపెట్టి ఉన్నాయి. అమ్మేవాడికి నలభై ఏళ్ళుంటాయి. ప్రతి మాటకీ ముందొక నవ్వు, వెనకొక నవ్వు.

"ఈ చిన్నదానికి స్కానర్ ఉంది మేడం. చేత్తో గీసిన కాగితం పెడితే చూసుకుని, ఆ గీత వెంబడే కోసేస్తుంది. ఆ పెద్దదానికి స్కానర్ లేదు. కంప్యూటర్‌లో తయారైన అక్షరాలే తీసుకుంటుంది. వెడల్పు మాత్రం దీనికి రెండింతలు."

"చేత్తో గీసింది ఫొటో తీసి పెద్దదానికి ఎక్కించలేమా?"

"ఎక్కించొచ్చు. అంచులన్నీ గతుకులొస్తాయి. మీరు కూర్చుని ప్రతి గీతా కంప్యూటర్‌లో మళ్ళీ గీసుకోవాలి. ఆమాత్రానికి చేత్తో గీయడమెందుకు చెప్పండి?"

కూతురు తండ్రి వైపు చూడకుండానే, "మాకు స్కానర్‌దే కావాలి," అంది. "పెద్ద అక్షరాలుంటే రెండు ముక్కలు కోసి అతికించుకుంటాం."

అతుకు మాటెత్తితే ఒంటికాలి మీద లేచే పిల్ల అది. ఆ మాట ఎవరి కోసం అందో మేస్త్రికి తెలుసు.

"ఏదన్నా గీయండి బాబాయ్‌గారూ. మీ కళ్ళముందే కోసి చూపిస్తా."

ఆసుపత్రి బోర్డొకటి చేయాల్సి ఉంది. అందులోని 'స్త్రీ' అన్న అక్షరం గీశాడు మేస్త్రి. తావత్తు, రావత్తు, పైన గుడిదీర్ఘం, మెలికలన్నీ అందులోనే ఉన్నాయి. షాపతను గీసిన కాగితాన్ని స్కానర్‌కి చూపించి, వీళ్ళు తెచ్చుకున్న నల్ల కాగితాన్ని జిగురు పలక మీద పరిచి లోపలికి తోశాడు. మిషన్ చిన్నగా గీరుతూ కోసింది. బయటికొచ్చినదాన్ని ఎత్తి చూసి పకపకా నవ్వాడు.

"ఇదేంటి బాబాయ్‌గారూ, తిరగబడింది! మీ బళ్ళో పలక తిప్పి పట్టుకుని నేర్పారా ఏంటి?"

"నేర్పేంత సేపు నన్నక్కడ ఉంచలేదులే."

"ఆయనకి అలవాటు," అంది కూతురు ముక్తసరిగా.

"దానిదేముందండీ, మిర్రర్ అని ఇక్కడో బటన్ ఉంది." నొక్కాడు. తెర మీద అక్షరం చటుక్కున తిరిగి సూటిగా నిలబడింది.

యాభయ్యేళ్ళ విద్య ఒక బటన్. దాని మీద రెండు బాణాల బొమ్మ. మేస్త్రి దానికేసి రెండోసారి చూడలేదు.

కోసిన కాగితాన్ని మాత్రం చేతిలోకి తీసుకుని తిప్పాడు. కోత అవగానే తిప్పి, సూటిగా చదువుకోవడం అతనికి ఊపిరిలాంటిది. ఈసారి పైకి వచ్చింది కాగితం వెనకవైపు. రావత్తు తిరిగే చోట అది కోసినట్టు లేదు, కొరికినట్టుంది. ఎడమ వేలితో తడిమాడు. అంచంతా నూగు.

"కాస్త గట్టిగా నొక్కి కోయించండి."

గట్టిగా నొక్కితే మెలిక దగ్గర కాగితం చిరిగింది. రెండుసార్లు కోయిస్తే అంచు పక్కన ఇంకో అంచు పడింది. షాపతను ముందువైపే చూపిస్తూ, "చూశారా, వెన్నలా ఉంది!" అన్నాడు. ముందువైపు నిజంగానే నున్నగా ఉంది.

"బాగుంది కదా నాన్నా?"

మేస్త్రి అదే అక్షరాన్ని పెద్ద మిషన్ మీద కోయించమన్నాడు. వచ్చిన కంప్యూటర్ అక్షరం పంతులు బెత్తం పట్టుకుని నిలబెట్టినట్టు బిగుసుకుపోయి ఉంది. అందులో ప్రాణం లేదు. కోత మాత్రం అసలైన కోత. ముందెలా ఉందో వెనకా అలాగే ఉంది.

నోరు మూసుకుంటే చాలు. చిన్నది ఇంటికొస్తుంది, దాని పక్కన తన కుర్చీ ఉంటుంది. నూగుని కనిపెట్టేవాడు వీధి మొత్తం మీద ఒక్కడే, వాడికి చెప్పే ఉద్దేశం లేకపోతే ఎవరికి తెలుస్తుంది? కానీ దీపం వెలిగితే ఆ నూగు మీసాలై కనబడుతుంది. అప్పుడు ఆ పిల్ల పని బాగోదంటారు. తండ్రి చేయి చెడిందనరు, కూతురికి పని రాదంటారు.

"ఇది వద్దమ్మా," అన్నాడు.

"ఏం?"

"వెనక్కి తిప్పి, ఆ లైటు ముందు పట్టుకుని చూడు."

ఆమె ట్యూబులైటు వైపు ఎత్తి పట్టుకుంది. అంచు వెంబడి నూగు మీసాల్లా నిలబడింది.

"నేను బ్లేడుతో సాపు చేసుకుంటా."

"ఎన్నిటికి చేస్తావు?"

"ఎన్నిటికైతే నీకెందుకు? చేస్తానన్నాగా!"

"కోత సంగతి నాకెందుకా! నా మొహం మీదే అంటున్నావే."

షాపతను గుడ్డ తీసుకుని, శుభ్రంగానే ఉన్న మిషన్‌ని తుడవడంలో మునిగిపోయాడు.

కూతురు గొంతు తగ్గించింది. "మరి నువ్వేం చేస్తావు నాన్నా?"

"నేనేం చేస్తానో చూసుకుని మిషన్ కొంటారా ఎవరన్నా? కోత చూసి కొంటారు."

"మొండి మనిషివి."

"ఇప్పుడు తెలిసిందా?"

ఆమె నవ్వలేదు. కాగితాన్ని బల్ల మీద పెట్టి, పెద్దది ప్యాక్ చేయమంది.

షాపతను వారంటీ కార్డు తీశాడు. "ఎవరి పేరు రాయమంటారు? రిపేరొస్తే ఆ పేరు మీదే మా మనిషి వస్తాడు. బాబాయ్‌గారిదేనా?"

ఇంటి ముందు బోర్డు మీదా, కరెంటు మీటరు మీదా, పనిచోట ఉన్న ప్రతిదాని మీదా ఇన్నాళ్ళూ అతని పేరే. కూతురు చెప్పడానికి నోరు తెరిచింది.

"మా అమ్మాయిది రాయండి," అన్నాడు మేస్త్రి.

"నాన్నా..."

"దాని ముందు కూర్చునేది నువ్వు. నా పేరు రాస్తే నాకు ఫోన్ చేసి ఏమైందని అడుగుతారు. నేనేం చెప్పను?"

షాపతను రాశాడు. ఆమె పేరులో దీర్ఘం మర్చిపోతే మేస్త్రి పెట్టించాడు.

షాపు రెండో అంతస్తులో ఉంది. పెట్టె పొడుగ్గా, బరువుగా ఉంది. దిగేటప్పుడు బరువంతా కిందున్నవాళ్ళ మీదికే వస్తుంది. కూతురు ముందుకు రాబోతుంటే మేస్త్రి మోచేత్తో పక్కకి నెట్టి, కింది వైపు తను పట్టుకున్నాడు.