వెళ్ళేటప్పుడే ఈలలు

నర్సింగానికి ఫైటింగ్ సినిమాలంటే చెవి కోసుకునేంత ఇష్టం. గోదావరిఖనిలో కొత్త బొమ్మ పడితే చాలు, డ్యూటీ దిగి ఒంటి మీది బొగ్గు కడుక్కోగానే బామ్మర్ది జగదీశ్వర్‌నూ, వాడి జతగాడు లింగమూర్తినీ వెంటేసుకుని హాలుకు పరిగెత్తేవాడు. ముగ్గురిదీ ఒకే గని, ఒకే షిఫ్టు. "అంతమందిని కొడ్తడు, అంగి నలగది. గదీ మొగోడంటే!" అని నర్సింగం మురిసిపోతుంటే, "నువ్వు బల్లిని జూస్తే మంచమెక్కుతవు" అని భార్య రమ దెప్పేది.

గనిలో అతని పని కప్పు కూలకుండా దాని కింద కర్ర దిమ్మెలు నిలబెట్టడం. ఎక్కడైనా కప్పు కూలితే, కొత్త దిమ్మెలు నిలబెట్టేదాకా దాని కిందికి ఎవరూ అడుగు పెట్టకూడదు. అది అక్కడ అందరికీ తెలిసిన రూలు.

ఆ రోజు కూలిన కప్పు కింద లింగమూర్తి ఉన్నాడు. నడుము దాకా బండ. బతికే ఉన్నాడు, "జగ్గూ" అని పిలుస్తున్నాడు. జగదీశ్వర్ ఉరికాడు. నర్సింగం వెనక నుంచి వాడి నడుం పట్టుకుని కింద పడేసి, మీద పడి అదిమిపెట్టాడు. వాడు కొట్టాడు, కొరికాడు, బావా బావా అని బతిమాలాడు. నర్సింగం వదల్లేదు. మిగతావాళ్ళు దిమ్మెలు మోసుకొచ్చేలోపే కప్పు రెండోసారి కూలింది. పిలుపు ఆగిపోయింది.

నువ్వు చేసిందే ఒప్పని ఆఫీసర్లు అన్నారు. నా తమ్ముణ్ణి దక్కించావని రమ చేతులు పట్టుకుని ఏడ్చింది. జగదీశ్వర్ మాత్రం షిఫ్టు మార్చుకున్నాడు. బావ ఇంటి గడప తొక్కలేదు, ఎదురుపడితే మొహం తిప్పుకున్నాడు. నిక్కరు వయసు నుంచి కొడుకులా పెంచిన బామ్మర్ది! వాడు ఒక్కసారి బావా అని పిలిస్తే చాలు, ఇంకేం అక్కర్లేదనుకున్నాడు నర్సింగం.

ఒక ఆదివారం వాడే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"సినిమాకు పోదాం దా, బావా."

నర్సింగం ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అన్నం సగంలో వదిలేసి బయల్దేరాడు.

ఆ సినిమా జగదీశ్వర్ అప్పటికే చూశాడని అతనికి తెలీదు. ఇంటర్వెల్‌కు ముందు, కూలుతున్న మేడలో హీరో స్నేహితుడు చిక్కుకుపోయాడు. అందరూ పట్టుకుని ఆపుతుంటే హీరో విదిలించుకుని లోపలికి దూకాడు. ఈలలతో హాలు దద్దరిల్లింది. కాగితం ముక్కలు గాల్లోకి లేచాయి. అలవాటు కొద్దీ నర్సింగం వేళ్ళు నోటి దాకా వెళ్ళి ఆగిపోయాయి. పక్కన జగదీశ్వర్ తెరను చూడటం లేదు. తననే చూస్తున్నాడు.

"గది సినిమారా, జగ్గూ" అన్నాడు నర్సింగం నెమ్మదిగా. "హీరో బయటికొచ్చేదాక కప్పు ఆగుతది. మన బొగ్గుబాయిల ఆగదు. నువ్వు పోతే తిరిగొచ్చేటోనివి కాదు."

"వచ్చుడు ఎవ్వలు జూస్తుండ్రు, బావా? గటు చూడు."

తెర మీద హీరో స్నేహితుణ్ణి భుజాన వేసుకుని బయటికి వస్తున్నాడు. జనం అప్పటికే సమోసాల కోసం లేచి తలుపుల వైపు నడుస్తున్నారు.

"ఈలలన్ని లోపటికి పోయెటప్పుడే" అన్నాడు జగదీశ్వర్. "లింగడు నన్ను పిలిచిండు. పక్కన మనిషి లేకుంట సచ్చిపోయిండు."

లైట్లు వెలిగాయి. తప్పయిందిరా అంటే వాడు కరుగుతాడేమో అనిపించింది నర్సింగానికి. కానీ ఆ మాట నోటికి రాలేదు.

"మల్ల గట్లయినా నిన్ను ఇడువరా. నేను సచ్చేదాక నువ్వు మాట్లాడకున్నా సరే, ఇడువ."

జగదీశ్వర్ కళ్ళు తుడుచుకుని లేచాడు.

"తెలుసు, బావా. గందుకే నీ పక్కన కూసోలేకపోతున్న" అని జనంలో కలిసిపోయాడు.