పిల్ల కోసం రెండు బంట్లు

పేరేసంద్ర ఊర్లో అంబరీష్‌కు ద్రాక్షతోట ఉండాది, బోరులో నీళ్ళుండాయి, ముఖం కూడా బాగానే ఉండాది. లేనిదల్లా పెండ్లామే. ఈ కాలంలో సేద్యం చేసేవానికి పిల్లనెవరిస్తారు? బెంగళూరులో అగ్గిపెట్టంత రూములో ఉండే కంప్యూటరోనికైతే పిలిచి ఇస్తారు.

చింతామణి ఊరి నుంచి సంబంధం వచ్చిందనేసరికి మేనమామ బయ్యప్ప బైకు వెనక కూర్చోని దారిపొడుగునా చెవిలో పోరినాడు. "పిల్ల నాయన వెంకటరామప్ప మేష్ట్రుకు చెస్ అంటే పిచ్చిరా. పిల్లను చూసేకి వచ్చినోళ్ళతో ఒక ఆట ఆడందే కాఫీ కూడా ఇయ్యడు. నువ్వు గమ్మున ఓడిపో. ఆయన కూతురు నయన నీదే."

"ఓడేది కూడా మర్యాదగా ఓడాల కదా మామా," అన్నాడు అంబరీష్. వీడు ఫోన్లో వీడియోలు చూసి ఒక గ్యాంబిట్ నేర్చినాడు లెండి. మొదట్లోనే రెండు బంట్లు ఎదుటోనికి ఊరికే పారేసేది, వాడు వాటిని తింటా ఉండగానే మంత్రినీ శకట్లనూ తోలుకొని రాజు మీదికి ఉరికేది. గట్టు మీద జానెడు మన్ను కోసం దాయాదుల మీద పోలీస్ స్టేషన్‌కు పోయినోడు, చెస్ పలక మీద మాత్రం మహా దాత!

ఇంటికొచ్చినోడని మేష్ట్రు తెల్ల పావులు వీనికే ఇచ్చినాడు. అంబరీష్ ఒక బంటు తోసినాడు. మేష్ట్రు తినేసినాడు. ఇంకొకటి తోసినాడు. అదీ తినేసినాడు. "అబ్బ, చెయ్యి పెద్దదప్పా ఈ పిల్లోనిది!" అని నవ్వినాడు. బయ్యప్పకు లగ్గం పెట్టుకున్నట్టే అనిపించింది.

వచ్చిన తిప్పలేందంటే, గ్యాంబిట్ పని చేసింది. మేష్ట్రు రాజు యాడికీ కదల్లేకపోయినాడు. ఆయన నవ్వు ఆగిపోయింది, నుదురంతా చెమట. మంత్రిని ఒక్క గడి జరిపితే ఆటకట్టు. అంబరీష్ చెయ్యి మంత్రి మీదికి పోయింది. బయ్యప్ప దగ్గినాడు, మళ్ళీ దగ్గినాడు. తలుపు దగ్గర కాఫీ పళ్ళెం పట్టుకొని నయన పలకనే చూస్తాంది. ఆమెను చూసినాక వీని బుద్ధి గడ్డి తినింది. ఈ పిల్ల కావాల, అంతే. మంత్రిని వదిలేసి ఏనుగును ఊరికే పక్కకు జరిపినాడు. మేష్ట్రు ఊపిరి పీల్చుకొని ఆ మంత్రినే తినేసి, కాసేపటికి గెలిచినాడు.

"శానా మంచోడప్పా నీ మేనల్లుడు," అన్నాడు కాఫీ తాగుతా. "పిల్లను మాత్రం బెంగళూరు ఇంజినీరుకే ఇద్దామనుకుంటాండాము. ఏమనుకోవద్దు. అంబరీషప్పా, నువ్వు ఆదివారం ఆదివారం వచ్చి నాతో ఒక ఆట ఆడిపోతా ఉండు."

బంట్లు తిని, మంత్రిని తిని, ఆట గెలుచుకొని, పిల్లను ఇయ్యకుండా మేష్ట్రు మూతి తుడుచుకున్నాడు.

అంబరీష్ బయట చెప్పులేసుకుంటాంటే, లోటాలు తీసే నెపం పెట్టుకొని నయన వరండాలోకి వచ్చింది.

"మంత్రిని జరిపింటే ఆటకట్టు కదా. చూసినారా, లేదా?"

"చూసినాను. మీ నాయన్ని ఓడిస్తే నిన్ను ఇయ్యడేమోనని..."

"ఆ ఇంజినీరు కూడా ఇట్లే ఓడిపోయినాడు. వచ్చినోళ్ళంతా ఓడిపోయి పోతాండారు. మా నాయనకు భయపడనోడు ఒక్కడొస్తే, వాన్నే చేసుకుంటానని ఎదురు నిలబడి చెప్దామనుకుంటి. ఈపొద్దు చెప్పేదాన్ని. మీరు చెయ్యి వెనక్కి తీసుకుంటిరి."

లోటాలు తీసుకొని లోపలికి పోయింది. అంబరీష్‌కు చెప్పులో కాలు దూరలేదు.

బయ్యప్ప పరుగెత్తుకొని వచ్చినాడు. "ఏమనిందిరా పిల్ల?"

"బాగా ఆడినానంట మామా," అని బండి కిక్కు కొట్టినాడు.