కుడిచేతి పట్టు

మా ఆవిడ మనుషుల్ని పడెయ్యడం నేర్పుతుంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పడడం నేర్పుతుంది. జూడో క్లాసుకి వచ్చేవాళ్ళందరికీ ఎదుటివాణ్ణి ఎప్పుడెప్పుడు ఎత్తి కుదేద్దామా అన్న ఆత్రమే. ఈవిడేమో నెలల తరబడి వాళ్ళచేత పల్టీలు కొట్టిస్తుంది. గడ్డం ఛాతీకి ఆనించు, నీ బెల్టు ముడి చూడు, వీపు గుండ్రంగా పెట్టు, చెయ్యి చాచి మ్యాట్ మీద ఫట్టుమని కొట్టు. ఏం చేసినా తల నేలకి తగలకూడదు. ఆవిడ చదువు సారాంశం అంతే.

నేను బస్సు నడిపినన్నాళ్ళూ ఇదంతా నాకు తమాషాగా ఉండేది. డ్యూటీ దిగి వచ్చి, క్లాసు జరిగే హాలు గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చుని, "మాస్టారమ్మా, ఇవాళ బస్తాలన్నీ బానే దిగుతున్నాయా?" అని ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు ఆ బస్తా నేనే.

నా చిన్నమెదడు కుంచించుకుపోతోందట. చుక్క ముట్టనివాణ్ణి, తాగుబోతులా తూలుతున్నాను. మొదట స్టీరింగ్ పోయింది, తర్వాత సైకిల్ పోయింది, చివరికి బాత్రూంలో వెల్లకిలా పడి తల పగలగొట్టుకున్నాను. లోపల నెత్తురు గడ్డకడితే పుర్రె తెరిచి తీశారు. "ఈ జబ్బు తగ్గేది కాదు, మీరు పడుతూనే ఉంటారు. కానీ తలకి ఇంకోసారి గట్టిగా తగిలితే మా చేతుల్లో ఏమీ ఉండదు" అని డాక్టరు మొహమ్మీదే చెప్పేశాడు.

ఆ మాట విని మా ఆవిడ ఏడవలేదు. కుట్లు విప్పి, డాక్టరు సరేనన్నాక, హాల్లో ఎవరో వదిలేసిపోయిన జూడో జాకెట్ ఒకటి తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"తొడుక్కోండి."

"ఎందుకు?"

"పడ్డం నేర్చుకుందురుగాని."

"అదొక్కటే కదా ఇప్పుడు నాకు బాగా వచ్చింది" అన్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

క్లాసులు లేని మధ్యాహ్నాలు హాలు మాదే. ఇంట్లో నన్ను మీరు అనే మనిషి మ్యాట్ ఎక్కగానే నువ్వు అనేది. అక్కడ నేను శిష్యుణ్ణి. ఎదురుగా నిలబడి, ఎడంచేత్తో నా జాకెట్ కుడిచెయ్యి పట్టుకుని, కుడిచేత్తో కాలరు పట్టుకుని, నా కాలి వెనక కాలు అడ్డంపెట్టి తోసేది. ఆ హాల్లో ఒక నియమం ఉంది. పడేసినవాళ్ళు పడ్డవాళ్ళ చెయ్యి వదలకూడదు. చివర్లో ఆ చేతిని కొంచెం పైకి లాగితే తల నేలకి తగలదు. ఎవడైనా మధ్యలో వదిలేశాడంటే వాడి పని అయిపోయినట్టే. "పడేసినవాడిదే పూచీ!" అని ఒంటికాలి మీద లేచేది.

నా విషయంలో ఆ పూచీ మరీ ఎక్కువైంది. నా జాకెట్ కుడిచేతి కుట్లు ఊడిపోయేంత గట్టిగా పట్టుకునేది. సాయంత్రం క్లాసుకి వచ్చే టైలరమ్మ వాటిని మళ్ళీ మళ్ళీ కుట్టిపెట్టి, "అన్నయ్యగారిని పడేస్తున్నారా మేడమ్, గుంజకి కట్టేస్తున్నారా?" అని అడిగింది.

అయినా నేర్చుకున్నాను. తోస్తే చాలు, గడ్డం దానంతటదే ఛాతీకి అతుక్కునేది. ఎడంచెయ్యి ఫట్టుమని మోగేది. ఒక సాయంత్రం క్లాసు ముందు పడి చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక గోడలు పట్టుకుని దేకక్కర్లేదు, పడినా బతుకుతాను అనుకున్నాను. బస్సు మొదటిసారి నడిపిన రోజు కూడా అంత సంబరపడలేదు.

ఆ సంబరం వారం తిరక్కుండానే తీరింది. క్లాసు జరుగుతోంది. మంచినీళ్ళ కోసం బెంచీ మీంచి లేచి, ఎవర్నీ పిలవకుండా వరండాలోకి వెళ్ళాను. వెనక్కి తిరగబోతే ఒళ్ళు కుడివైపుకి వాలిపోయింది. గడ్డం ఛాతీకి ఆనింది, వీపు గుండ్రమైంది, అన్నీ సవ్యంగానే జరిగాయి. నేలని కొట్టాల్సిన కుడిచెయ్యి మాత్రం, జవాబు తెలిసిన బడిపిల్లాడి చెయ్యిలా నిటారుగా పైకి లేచింది. దాన్ని ఎవరూ పట్టుకోలేదు. భుజం నేలకి కొట్టుకుంది, చెప్పుల స్టాండు అంచు చెవి వెనక చీరేసింది. మెడంతా నెత్తురు కారుతుంటే నేను ఇంకా గాల్లోనే ఉన్న ఆ చేతిని చూస్తూ పడుకున్నాను.

స్కాన్‌లో ఏమీ లేదు. ఈసారికి గండం గడిచింది. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే మా ఆవిడ అంది, "హాలు తాళం ఇచ్చేస్తున్నాను. ఇక మిమ్మల్ని వదిలి ఎక్కడికీ వెళ్ళను."

అన్నంత పనీ చేసేటట్టే ఉంది. ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలన్నా వెనకే వచ్చేది. నేను స్నానం చేస్తుంటే తలుపు దగ్గర కూర్చునేది. నిద్రలో కూడా నా చొక్కా అంచు వేలికి చుట్టుకునేది. తిండి తగ్గింది, మనిషి సగమైంది. నాకు చావంటే భయం లేదని గొప్పలు పోను. చచ్చేంత భయం. కానీ నాకంటే ముందు ఈవిడ పోయేలా ఉందే అన్న భయం దాన్ని కూడా మించిపోయింది.

"నువ్వు నేర్పింది తప్పు కాదు. పట్టుకుని నేర్పావు, అదే తంటా" అన్నాను. "నా ఒంటికి నీ చెయ్యి అలవాటైపోయింది. ఒక్కసారి వదిలెయ్యి. నన్ను ఒక్కణ్ణీ పడనీ."

"తల తగిలితే?"

"మెత్తటి మ్యాటే కదా."

"నాకు చెప్పకండి మ్యాట్ సంగతి!"

చివరికి ఒప్పుకుంది. భుజం వాపు తీశాక మళ్ళీ మ్యాట్ ఎక్కాం. తోసింది. చివరి క్షణంలో చెయ్యి పట్టేసుకుంది. మళ్ళీ తోసింది, మళ్ళీ పట్టేసుకుంది. "ఈసారి వదులుతాను, ఒట్టు" అంది. వదల్లేదు. ఇంతమందికి విద్య నేర్పిన మనిషి, తన చెయ్యి తన మాట వినడం లేదని మ్యాట్ మధ్యలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. వంగి ఓదారుద్దామంటే నేను పడిపోతాను.

మర్నాడు టైలరమ్మని బతిమాలాను. "ఈ కుడిచెయ్యి కోసెయ్యమ్మా."

"జాకెట్‌దేనా అన్నయ్యగారూ?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆపేసింది. భుజం దాకా కత్తిరించి ఇచ్చింది.

మా ఆవిడ సంగతి నాకు తెలియంది కాదు. గుడ్డ దొరక్కపోతే మణికట్టు దొరకబుచ్చుకుంటుంది. అందుకని భుజం నుంచి వేళ్ళ దాకా నూనె పట్టించాను.

నన్ను చూడగానే భగ్గుమంది. "మ్యాట్ మీదికి నూనెతోనా! బుర్ర ఉందా నీకు?"

"ఉన్న కాస్తా కుంచించుకుపోతోంది కదా."

"తుడుచుకో ముందు."

"తుడుచుకోను. తొయ్యి."

"నా వల్ల కాదు."

"ఎక్కడో అక్కడ నువ్వు లేనప్పుడే పడతాను. బాత్రూంలో పడతాను, మెట్ల మీద పడతాను. అప్పుడు ఈ చెయ్యి నీకోసం పైకి లేస్తుంది. నువ్వుండవు. అలా చంపుతావా నన్ను?"

అనకూడని మాటే. అది తగలాల్సిన చోటే తగిలింది. మొహం మాడిపోయింది, పళ్ళు బిగించింది, నా కాలి వెనక కాలు వేసి ఎన్నడూ తోయనంత బలంగా తోసింది.

వాలిపోతుండగానే ఆవిడ వేళ్ళు నా మణికట్టు మీద పడ్డాయి. పడి, నూనెలో జారిపోయాయి. నా చెయ్యి పైకి లేచింది. గాల్లో ఆవిడ కోసం వెతుక్కుంది. లేదు. అప్పుడు, ఆఖర్న, అది దానంతటదే పక్కకి వాలి మ్యాట్‌ని ఫట్టుమని కొట్టింది.

"తగిలిందా? తల తగిలిందా మీకు?" మ్యాట్ మీద నన్ను మీరు అనడం అదే మొదలు.

"తగల్లేదు."

బోర్లా తిరిగి, మోకాళ్ళ మీద దేక్కుంటూ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నిలబడిన చోటే కూర్చుండిపోయింది. ఎడంచెయ్యి ఇంకా ముందుకే చాచి ఉంది, పిడికిలి బిగుసుకుపోయి ఉంది. అందులో ఏమీ లేదు. నా వేళ్ళు వణుకుతాయి, చెప్పిన చోటికి ఒక పట్టాన వెళ్ళవు. అయినా ఆ పిడికిలిని ఒక్కో వేలూ విప్పాను. చాలాసేపు పట్టింది. ఆవిడ నా మొహం వైపు చూడకుండా విప్పనిచ్చింది.

"మళ్ళీ తొయ్యి" అన్నాను.