ఏడో అధ్యాయాన్ని దిద్దిన ఆడవాళ్ళు

తాళం పగలగొట్టడానికి సుత్తి ఇచ్చింది నేనే. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత కథలోకి వస్తాను. నా నోటి సంగతి నాకు తెలుసు. వదిలేస్తే అటు తిప్పి ఇటు తిప్పి, ఆ సుత్తి దానంతటదే నడుచుకుంటూ వెళ్ళిందని మిమ్మల్ని నమ్మించేస్తాను.

నేను గొడుగులు బాగుచేస్తాను. రైలు పట్టాల పక్కన రేకుల ఇళ్ళ వరసలో మొదటి అరుగు నాది. ఐదో తరగతి దాకా ఊరి బడిలో చదివాను, తర్వాత నోటితో బతికాను. ఒక గాలివానలో నేను బాగుచేసిన గొడుగు పట్టుకుని ఓ కుటుంబం మొత్తం నది దాటిందనీ, కిరాయి పోయిందని పడవవాడు వాళ్ళ మీద కేసు పెట్టాడనీ చెబుతుంటాను. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఇద్దరూ గొడుగులిస్తారు.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు జీపు వచ్చింది. అందులోంచి సంక్షేమాధికారి దిగాడు. మీసాలు సరిగ్గా రాని కుర్రాడు, చంకలో ఫైలు. ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే అమ్మాయి గది ముందు ఆగాడు. బయట తాళం. లోపల ఆమె ఐదేళ్ళ కూతురు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.

"పాపా, తాళంచెవి ఎక్కడుంది?"

"అమ్మ దగ్గర."

"అమ్మ ఎప్పుడొస్తుంది?"

"మీరెవరో చెప్తే అప్పుడు చెప్తా."

అధికారి ఫారం మీద ఏదో టిక్కు పెట్టాడు. అపరిచితులంటే బెదురు అని రాసుకున్నాడట, తర్వాత తెలిసింది. నా కళ్ళకైతే ఆ ఇద్దరిలో బెదిరింది అధికారే.

"పెద్దాయనా, మీ సుత్తి ఒక్కసారి ఇస్తారా?" అన్నాడు. నన్ను పెద్దాయనా అని పిలిచి ఎన్నేళ్ళయిందో. ఇచ్చాను. రెండు దెబ్బలు. పిల్లని జీపులో కూర్చోబెట్టారు. ఒక చెప్పు కాలికుంది, రెండోది గడప దగ్గర పడిపోయింది. సుత్తి తిరిగి ఇస్తూ అధికారి థాంక్స్ కూడా చెప్పాడు.

సాయంత్రం షెడ్డు అమ్మాయి వచ్చి గడప దగ్గర ఆ చెప్పు చూసింది. "తలుపు ఎవరు తీశారు?" అని వరసంతా అడిగింది. నేను ఒక గొడుగు ఊచ వంచుతూ కూర్చున్నాను. ఆ ఊచ అప్పటికే తిన్నగా ఉంది.

అధికారి గుమ్మానికి అతికించి పోయిన కాగితం ఆమెకి చదివిపెట్టింది లాండ్రీ అక్క కూతురు. లాండ్రీ అక్క ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతుంది. ఇరవై ఏళ్ళ కూతురిది సోషల్ వర్క్ చదువు, అందుకని వరసలో అందరూ ఆ పిల్లని కాలేజీ అని పిలుస్తారు. కాలేజీ ఆ కాగితం చదివి, మళ్ళీ చదివింది.

"తొమ్మిది రోజుల్లో విచారణ. ఈ ఐదు లక్షణాలు రుజువైతే పాపని సర్కారు పిల్లల హోమ్‌లోనే ఉంచేస్తారు. పిన్నీ, ఈ ఐదూ మా పుస్తకంలోవే. ఏడో అధ్యాయం, నిర్లక్ష్యపు తల్లి. బయట తాళం, ఒంటరి భోజనం, అపరిచితులంటే బెదురు, తల్లి కోపంగా జవాబివ్వడం, పొరుగువారి సాక్ష్యం. పరీక్షలో పది మార్కులు."

"ఎందుకలా రాశారో ఆ పుస్తకంలో ఉంటుంది కదా. తీసుకురామ్మా" అన్నాడు కుళాయి ఆయన. నీళ్ళ కుళాయి తిప్పి కట్టే పెద్దాయన. రోజుకి నాలుగు మాటలు మించి మాట్లాడడు.

"నా దగ్గర లేదు తాతా. క్లాసులో ఎవరి దగ్గరా లేదు."

ఆ పుస్తకం ధర వాళ్ళమ్మ నెల జీతంలో సగం. లైబ్రరీలో ఒకటే ఉంది, అద్దాల బీరువాలో. గంటసేపు చూడనిస్తారు, ఫోటో తీయనివ్వరు, ఎత్తి రాయనివ్వరు. కాబట్టి అధ్యాయం ఎవరూ చదవలేదు. మాస్టారు ఐదు లక్షణాలు చెబుతారు, వీళ్ళు బట్టీ పడతారు, పాసవుతారు, జీపెక్కుతారు. ఆ మీసాల్లేని అధికారి కూడా అలా పాసైనవాడే.

మర్నాటి నుంచి ఇరవై ఆరుగురు విద్యార్థులు వంతులవారీగా లైబ్రరీకి వెళ్ళారు. ఒక్కొక్కరు ఒక్కో పేజీ చేత్తో ఎత్తి రాశారు. సాక్సుల్లో, జాకెట్లలో, టిఫిన్ డబ్బాల అడుగున దాచి బయటికి తెచ్చారు. ఆదివారం మధ్యాహ్నం కుళాయి దగ్గర వరసంతా కూర్చుంటే కాలేజీ చదివింది.

"ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఒక స్త్రీ, పనికి వెళుతూ ఇద్దరు పిల్లల్ని రేకు పెట్టెలో ఉంచి మూత వేసేది. గాలి ఆడటానికి పెట్టెకు కన్నాలు పొడిపించింది. పొరుగునున్న ఒక నమ్మదగిన వృద్ధుడు దీనిని ధ్రువీకరించాడు."

కాలేజీ అక్కడ కాగితం దించి వాళ్ళమ్మ వంక చూసింది. ఈ వరసలో ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది ఒక్కతే. పన్నెండేళ్ళ కిందట ఆమె పిల్లల్లో పెద్దదాన్ని, అంటే ఇప్పుడు చదువుతున్న ఈ పిల్లనే, జీపులో తీసుకెళ్ళి రెండేళ్ళు హోమ్‌లో ఉంచారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఎందుకో తెలుసుకుందామనే ఆ పిల్ల ఆ చదువు చదువుతోంది.

లాండ్రీ అక్క అడిగింది. "మా ఇంట్లో పెట్టె ఎక్కడుందే? పెట్టె కొనే స్తోమతే ఉంటే నేను దుప్పట్లెందుకు ఉతుకుతాను?"

ఆ వృద్ధుడెవడని అందరూ చుట్టూ చూశారు. నా మీదుగా కూడా చూపులు వెళ్ళాయి, ఆగలేదు. నమ్మదగినవాడు అని రాసుంది కదా. ఆ మాటే నన్ను కాపాడింది. వరసలో నమ్మదగిన ముసలాయన ఇంకొకడే ఉన్నాడు.

"నేను కాదమ్మా" అన్నాడు కుళాయి ఆయన.

మర్నాటి నుంచి ఆడవాళ్ళు బిందెలు పెట్టి ఆయన మొహం చూడకుండా పట్టుకుపోయారు. ఆయన బిందెని ఎవరో కాలవలోకి తన్నారు. నేను చూస్తూ కూర్చున్నాను.

అసలు జరిగింది ఇది. పన్నెండేళ్ళ కిందట ఒక ఆచార్యుడు సర్వేకి వచ్చాడు. పగటిపూట వరసలో అందరూ పనికి పోతే దొరికింది నేనొక్కణ్ణే. టీ తెప్పించాడు. నేను చెప్పేది రాసుకుంటున్నాడు. జీవితంలో నా మాట ఎవరైనా రాసుకోవడం అదే మొదలు. లాండ్రీ ఆవిడ పిల్లలు పగలంతా ఎక్కడుంటారని అడిగాడు. గదిలో ఉంటారు, కిటికీలోంచి నేను కథలు చెబుతుంటాను. అంతే. అది చెబితే ఆయన పెన్ను కదలదనిపించింది. రేకు పెట్టె అన్నాను. పెన్ను కదిలింది. కన్నాలు అన్నాను. ఇంకా కదిలింది. ఆ కన్నాలు నేనే పొడిచానని కూడా చెప్పాను, అది మాత్రం ఆయన రాసుకోలేదు. నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. నేను లోపల్లోపల మురిసిపోయాను.

నాలుగో రోజు కుళాయి ఆయన మేనల్లుడి ఊరికి వెళ్ళిపోవడానికి మూట కట్టుకున్నాడు. ఆ సాయంత్రం కుళాయి దగ్గరే విద్యార్థుల మీటింగు, వాళ్ళలో వాళ్ళకి గొడవ.

"పుస్తకం ధర తగ్గించమని మెమొరాండం ఇద్దాం" అన్నాడు పొడుగ్గా ఉన్న ఒక కుర్రాడు.

"తగ్గించిన ధరకి అబద్ధం కొనుక్కుంటావా?" అంది కాలేజీ. "ఏడో అధ్యాయం మనమే కొత్తగా రాద్దాం. దానికి ధర ఉండదు, బీరువా ఉండదు. ఎవరైనా చదవాలి, ఎవరైనా ఎత్తి రాసుకోవాలి. ఎవరి గురించి రాశామో వాళ్ళు దాన్ని దిద్దాలి."

"దిద్దేవాళ్ళు అబద్ధం చెబితే?"

"అందరి ముందూ చదువుతాం. తెలిసినవాళ్ళు లేచి కాదంటారు. అద్దం వెనక దాచబట్టే పన్నెండేళ్ళు బతికింది ఆ అబద్ధం."

నేను లేచాను. "ఆ ముసలాణ్ణి నేనే" అన్నాను.

ఘొల్లున నవ్వారు. "తాత మొదలుపెట్టాడ్రా" అన్నారెవరో. "ఆ పెట్టెలో పిల్లలు నది కూడా దాటారా తాతా?" అన్నారింకొకరు. నిజం చెబుతున్నానని ఎంత చెబితే అంత నవ్వారు. అంత సిగ్గు నాకెప్పుడూ వేయలేదు. ఒప్పుకోవడానికి కూడా నా నోరు పనికిరాలేదు.

లాండ్రీ అక్క ఒక్కతే నవ్వలేదు. "నీ మొహమేంటి బాబాయ్ అట్లా ఉంది?" అంది.

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. సుత్తి సంగతి కూడా అప్పుడే చెప్పాను. షెడ్డు అమ్మాయి మొహం తిప్పేసుకుంది. కాలేజీ చాలాసేపు కాగితాలు సర్దింది.

"హోమ్‌లో పిల్లలకి నీ గొడుగు కథే చెప్పేదాన్ని తాతా. రెండేళ్ళూ."

అంతే అంది. కొట్టినా బాగుండేది.

"ఇక్కడ చెప్తే ఏం లాభం?" అంది లాండ్రీ అక్క. "రాసుకున్నాయన ముందు చెప్పు. వెళ్ళేముందు ఆ కుళాయి ఆయన కాళ్ళు పట్టుకో."

పట్టుకున్నాను. ఆయన మూట విప్పాడు గానీ నాతో మాట్లాడలేదు.

విచారణ దాకా ప్రతి సాయంత్రం రాత సాగింది. ఆడవాళ్ళు పని నుంచి వచ్చి చెప్పేవాళ్ళు, విద్యార్థులు రాసేవాళ్ళు, వెంటనే చదివి వినిపించేవాళ్ళు. "అట్లా కాదు, తలుపు తాళం వేసి ఎదురింటికి చెప్పి వెళ్తాను, అది రాయి" అని ఒకరు. "మధ్యాహ్నం భోజనం బెల్లుకి పరిగెత్తుకొచ్చి చూసిపోతాను, అది వదిలేశావు" అని ఇంకొకరు. కొట్టివేతలతో కాగితాలు నల్లబడ్డాయి. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

విచారణ రోజున వరసంతా పని మానేసి ఆఫీసుకి వెళ్ళింది. బల్ల వెనక అధికారి, పక్కన నిపుణుడిగా అదే ఆచార్యుడు. జుట్టు నెరిసింది, పెన్ను మారలేదు. నేను చెప్పాను. పెట్టె లేదు, కన్నాల్లేవు, టీ కోసం, తమరి పెన్ను కోసం చెప్పానన్నాను.

ఆచార్యుడు కళ్ళజోడు తీశాడు. "అప్పుడు అబద్ధం చెప్పానంటున్నారు. ఇప్పుడు నిజం చెబుతున్నారనడానికి ఆధారం ఏమిటి?"

గుమాస్తాలు నవ్వారు. నా అబద్ధానికి ఏ ఆధారమూ అడగని మనిషి నా నిజానికి అడుగుతున్నాడు. ఆ మాట ఇంటికొచ్చాక తట్టింది. అక్కడ తట్టలేదు.

లాండ్రీ అక్క నన్ను పక్కకి జరిపి ముందుకొచ్చింది. బొడ్లోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. "నేనూ బయట తాళం వేసే పనికి పోయేదాన్ని. రాసుకోండి."

ఆమె వెనకాలే, షెడ్డులో పనిచేసే ఇంకొకావిడ తన తాళంచెవి పెట్టింది. తర్వాత రోడ్లు ఊడ్చే ఆవిడ. ఆపైన వరసగా అందరూ. ఫారం మీద తాళంచెవుల కుప్ప పడింది.

"ఇది పద్ధతి కాదమ్మా" అన్నాడు అధికారి.

"పద్ధతే బాబూ. మీ కాగితంలో మొదటి లక్షణం. మా వరసలో నూట నలభై మంది పిల్లలున్నారు. అందర్నీ జీపెక్కించండి. లేదంటే షెడ్డులో, ఆసుపత్రిలో పిల్లలకో గది కట్టమని రాయండి. ఈ పిల్లని ఇచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలం."

కదల్లేదు. నాలుగు గంటలకి పిల్లని తీసుకొచ్చారు. తదుపరి విచారణ దాకా తల్లి దగ్గర ఉండవచ్చని కాగితం ఇచ్చారు. పిల్ల తల్లి చంకనెక్కి మొహం దాచుకుంది. నేను పలకరించబోయాను. నా వంక చూసి, అమ్మ మెడ ఇంకా గట్టిగా పట్టుకుంది.

కొత్త అధ్యాయాన్ని విద్యార్థులు తాము చదివే కాలేజీ గేటు గోడకి అతికించారు. కింద పెద్దక్షరాలతో ఒక వాక్యం: ఎత్తి రాసుకోండి, తప్పుంటే దిద్దండి, ఎవరినీ అడగక్కర్లేదు. రెండు రోజుల్లో పక్క కాలేజీల పిల్లలు కూడా వచ్చి గోడ ముందు కూర్చుని రాసుకోవడం మొదలుపెట్టారు. కొందరు ఎనిమిదో అధ్యాయం కూడా మొదలుపెడదామన్నారు. మూడో రోజు పొద్దున, వరసలోవాళ్ళం కూడా గోడ దగ్గరున్నప్పుడు, పోలీసు వ్యాను వచ్చింది. లైబ్రరీ పుస్తకం దొంగతనంగా ఎత్తి రాశారని ఫిర్యాదు.

"ఇది రాసిందెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కాలేజీ చెయ్యెత్తింది. పొడుగు కుర్రాడు ఎత్తాడు. షెడ్డు అమ్మాయి, రోడ్లు ఊడ్చే ఆవిడ, కుళాయి ఆయన ఎత్తారు. గోడ ముందున్న చేతులన్నీ లేచాయి. నేనూ ఎత్తాను.

లాండ్రీ అక్క నా వంక చూడకుండానే నా చెయ్యి పట్టి కిందికి దించింది. "నువ్వు రాయించింది ఆ పుస్తకంలో ఉంది బాబాయ్. ఇది మాది."

కాలేజీతో కలిపి తొమ్మిది మంది విద్యార్థుల్ని ఎక్కించారు. గోడ మీది కాగితాలు చింపారు. వ్యాను కదలగానే లాండ్రీ అక్క కొంగులోంచి మడతలు పెట్టిన ఇంకో ప్రతి తీసింది. ఆమెకి చదవడం రాదు. చదివేవాళ్ళు వ్యానులో ఉన్నారు. కాసేపు అటూ ఇటూ చూసి నా చేతిలో పెట్టింది.

"స్టేషన్ ముందు చదువు. ఉన్నది ఉన్నట్టు చదువు."

వరసంతా నడిచింది. స్టేషన్ గేటు దగ్గర నిలబడి మొదలుపెట్టాను. ఒక్క మాట కలపలేదు. రెండో పేజీలో, ఎనిమిదేళ్ళ కూతుర్ని జీపెక్కించిన రోజు గురించి లాండ్రీ అక్క చెప్పిన చోట, చదవడం ఆపేశాను.

వెనక నుంచి లాండ్రీ అక్క గొంతు అందుకుంది, కాగితం లేకుండా. పక్కావిడ కలిసింది. ఆ తర్వాత అందరూ. ఎన్నిసార్లు చదివించుకుని దిద్దించారో, ప్రతి వాక్యం వాళ్ళకి నోటికొచ్చు. అక్షరం రానివాళ్ళు ఏడో అధ్యాయాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివారు. లోపల లాకప్‌లోంచి తొమ్మిది గొంతులు దాంతో గొంతు కలిపాయి. సెంట్రీ గేటు వేశాడు. వాళ్ళు మళ్ళీ మొదటి వాక్యం నుంచి అందుకున్నారు.