మూడో ట్రాకు

మిల్లు గేటు దాటగానే గంగులు ముక్కు చీదాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, కనుబొమల్లో చిక్కుకున్న గోగునార పోగులు లాక్కుంటూ బొబ్బిలి రోడ్డెక్కాడు. పొద్దుటి షిఫ్టు వాళ్ళు సైకిళ్ళ మీద అతన్ని దాటుకుపోతున్నారు. ఒకరిద్దరు ఏదో అన్నారు. గంగులు ముందు నవ్వి, తర్వాత "ఏటి?" అన్నాడు. జూట్ మిల్లు మోతకి చెవులు మందగించాక అతనికి అదే వరస అలవాటయింది.

పొట్టి మనిషి. మెడ కాస్త కుడివైపుకి వాలి ఉంటుంది. అది మిల్లు పెట్టిన వంకర కాదు. ఎడమ చంకలో జముకు వాయిద్యం ఇరికించుకుని, కుడిపక్క నిలబడ్డ బావ మొహంలోకి చూస్తూ ఏళ్ళ తరబడి వంత పాడితే ఆ మెడ అలాగే ఉండిపోయింది. చొక్కాలు కూడా ఎడమ చంక దగ్గరే ముందు చిరుగుతాయి. ఊళ్ళో గంగులు ఇల్లెక్కడంటే నలుగురు నాలుగు దిక్కులు చూస్తారు. కూర్మయ్య వంత ఇల్లెక్కడంటే చిన్నపిల్లైనా చూపిస్తుంది.

కూర్మయ్య జముకుల కథ చెబుతాడు. గంగులు అక్క తాతమ్మని చేసుకున్నవాడు. కథకుడు ఒక మాట పాడితే వంతవాడు దాని కొస అందుకోవాలి, జముకు నరం లాగి మీటాలి. నడుమ నడుమ కథకుడు "ఒరే గంగులూ" అని పిలుస్తాడు. "ఆయ్ బావా, సెప్పు" అని వంత పలకాలి. ఆ పలుకు పడితేగాని కథ ముందుకి కదలదు. గంగులు ఆ మాట కథలో ఎంత అన్నాడో కథ బయటా అంతే అన్నాడు. మిల్లులో చేరరా అంటే ఆయ్ బావా. ఈశ్వరి మంచి పిల్ల, తాళి కట్టరా అంటే ఆయ్ బావా. పార్వతీపురం జట్టువాళ్ళు నువ్వే ముందు నిలబడి కథ చెప్పు, మాతో రా అని పిలిచినప్పుడు కూడా వెళ్ళనా మాననా అని బావనే అడిగాడు. బావ మానమన్నాడు.

"నాను మూడు కేకలేసినా ఇనబడదు. బావ దగ్గితే సాలు, లెగిసి నిలబడతాడు" అంటుంది ఈశ్వరి. కోపంగా అనదు. అనీ అనీ ఆ కోపం ఎప్పుడో అరిగిపోయింది.

ఇంటికొచ్చి, నూతి దగ్గర నాలుగు చెంబులు పోసుకుని, చోడి అంబలి తాగి, గంగులు బావ ఇంటికి బయల్దేరాడు. ఇవాళ కథ పూర్తవ్వాలి. నిన్నటి నుంచి అతనికి అదే గుబులు.

గుబులుకి కారణం రేఖ తెచ్చిన పెట్టె. రేఖ కూర్మయ్య కూతురు, విజయనగరంలో పెళ్ళి ఆర్కెస్ట్రాలో పాడుతుంది. పోయిన చలికాలం తండ్రి గుండె నీరసించిందని డాక్టరు చెప్పాక, ఎక్కడో వాడేసిన రికార్డరు ఒకటి పట్టుకొచ్చింది. పంచాంగమంత ఉంటుంది, పక్కన వరసగా బొత్తాలు. పాలమ్మ పేరంటాలు కథ మొదట్నుంచి చివరిదాకా ఆ చుట్టుపక్కల కూర్మయ్య ఒక్కడికే వచ్చు. మనిషితో పాటు అది కూడా పోకూడదని ఆ పిల్ల పట్టు.

మొదట ఇద్దరినీ కలిపి కూచోబెట్టి పాడించింది. జముకు జుమ్మని లేచేసరికి బావ గొంతు అందులో మునిగిపోయింది. ఒకప్పుడు ఆ గొంతు నాలుగు వీధులు వినేది. అది విన్న రోజున కూర్మయ్య అన్నం తినలేదు. అప్పుడు రేఖే దారి చెప్పింది. "ట్రాకంటే మడి లాంటిది మావా. ఓ మడిలో నాన్న గొంతు, ఓ మడిలో నీ జముకు, ఇంకో మడిలో నీ వంత. ఏ మడి నీరు ఆ మడిదే. తరవాత నాను కలుపుతాను."

చెప్పినంత సులువు కాలేదు. ఎదురుగా వంత లేకపోతే కూర్మయ్యకి కథ నడవదు. మాట కొస దగ్గర ఆగిపోయి గోడకేసి చూస్తాడు. చివరికి గంగులుని ఎదురుగా కూచోబెట్టారు. నోరు మెదపాలి, చప్పుడు మాత్రం రాకూడదు. ఉత్త పెదాలతో వంత పాడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. పైకి మాట జారకుండా చూసుకోవడంలోనే పడి గంగులు సగం కథ వినలేదు.

జముకు సులువుగానే అయింది. మిగిలింది వంత. నిన్న కూచుంటే, పాట మధ్యలో బయట బావ దగ్గాడు, పెట్టె పట్టిన ఆ దగ్గు గంగులు హెడ్‌ఫోన్లలోనూ వినబడింది. గంగులు చెవులకున్నవి తీసేసి "ఆయ్ బావా" అని లేచాడు. మళ్ళీ మొదలెట్టారు. బావ ఎవరినో "ఒరే" అన్నాడు. గంగులు మళ్ళీ లేచాడు. అలా పొద్దుగూకిపోయింది. ఎర్రదీపం వెలిగాక ఎవరికీ పలకకూడదన్న ఒక్క ముక్క ఆ ఒంటికి ఎక్కలేదు.

వెళ్ళేసరికి కూర్మయ్య అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూచున్నాడు. మొహం నిండా చెమట. అరచేత్తో రొమ్ము రాసుకుంటున్నాడు.

"ఏటి బావా, అలాగున్నావు?"

"గ్యాసురా. మీ అక్క పనసపొట్టు కూరెట్టినాది, తిన్నాను. పిండి మరకి ఎల్లినాది, వస్తాది. రేఖ సాయంత్రానికి గానీ రాదు. నీకు బొత్తాం నొక్కడం వచ్చు కదేటి?"

"వచ్చు. నువ్వు కాసేపు తొంగోరాదా?"

"ఈ పని అవనీ. నానిక్కడ కూకుని, ఈ రాళ్ళిసిరి కుక్కల్నీ పిల్లగుంటల్నీ ఇటు రానివ్వను. నువ్వు లోపల పాడు." గంగులు గుమ్మం దాటబోతుంటే మళ్ళీ పిలిచాడు. "ఒరే. ఎవులు పిలిసినా లెగకు. నాను పిలిసినా లెగకు. ఇన్నావా?"

"ఆయ్ బావా" అన్నాడు గంగులు.

లోపలి గదికి కిటికీ మూసి తలగడ కుక్కారు. గుమ్మానికి బొంతలు వేలాడదీశారు. ఫ్యాను ఆపేస్తే గది ఆవిరి కుడుములా ఉడుకుతోంది. గంగులు చొక్కా విప్పి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చెవుల సంగతి తెలుసు కాబట్టి చప్పుడు పూర్తిగా పెంచాడు. మూడో బొత్తాం నొక్కాడు. ఎర్రగా వెలిగింది.

బావ గొంతు చెవిలోకొచ్చింది. ఇంత దగ్గరగా ఎప్పుడు విన్నాడని. కథ చెప్పేటప్పుడు ఎప్పుడూ గజ్జెలూ జముకూ జనమూ అడ్డం. ఇప్పుడు మాటకీ మాటకీ మధ్య తీసుకునే ఊపిరి కూడా వినబడుతోంది. గంగులుకి ఒళ్ళు జలదరించింది. కొస కొసా అందుకుంటూ పాడుకుపోయాడు. పాలమ్మ అత్తారింట్లో మాటపడింది, బిడ్డనెత్తుకుని ఏటి ఒడ్డుకి వచ్చింది. ఏరు పొంగుతోంది. అక్కడ కూర్మయ్య ఊపిరి కోసం ఆగాడు.

ఆ ఖాళీలో, "ఒరే గంగులూ."

ఇక్కడ పిలుపు ఉండదే అని గంగులు ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ బావ ఒకనాడు పాడినట్టు ఇంకోనాడు పాడడు. ఏ చోట ఏం కలిపాడో ఎవరికెరుక. పిలుపైతే పలకడమే. "ఆయ్ బావా, సెప్పు" అన్నాడు గొంతెత్తి, రాగంలో. చెవిలో బావ వెంటనే కథ అందుకున్నాడు. హమ్మయ్య, తప్పిపోలేదనుకున్నాడు గంగులు.

పాలమ్మ ఏట్లో కలిసింది. ఊరివాళ్ళు గుడి కట్టారు. చివరి వంత సాగదీసి వదిలి, గంగులు బొత్తాం నొక్కాడు. ఒక్క తప్పు లేదు, ఒక్కసారి లేవలేదు. చొక్కా కూడా వేసుకోకుండా బొంత తప్పించుకుని బయటికొచ్చాడు.

"అయిపోనాది బావా. ఎవులికీ పలకనేదు."

కూర్మయ్య స్తంభానికి ఆనుకునే ఉన్నాడు. గడ్డం రొమ్ముకి తగిలి ఉంది. చెయ్యి గుమ్మం వైపు చాపి, అలాగే వదిలేసినట్టుంది. నిద్రపోతున్నాడనుకుని గంగులు పక్కన కూచున్నాడు. కాసేపు కూచున్నాడు కూడా. ఈగ ఒకటి వచ్చి బావ పెదవి మీద వాలింది, బావ దాన్ని తోలలేదు. అప్పుడు భుజం మీద చెయ్యి వేశాడు. మనిషి పక్కకి ఒరిగిపోయాడు.

పిండి డబ్బాతో వచ్చిన తాతమ్మ అది చూసింది. డబ్బా దింపి, ఏమయిందని అడగకుండానే నేల మీద కూలబడింది. వీధి వీధంతా వచ్చింది. నూటెనిమిది వాళ్ళు వచ్చి, నాడి పట్టుకుని, తలలు అడ్డంగా తిప్పారు. ఈశ్వరి చొక్కా తెచ్చి తొడిగితే గంగులు చిన్నపిల్లాడిలా చేతులెత్తాడు.

పొద్దు వాలుతుండగా రేఖ వచ్చింది. ఏడ్చి ఏడ్చి, ఆఖరికి లోపలికెళ్ళి పెట్టె తెచ్చింది. "ఒక్కసారి నాన్న గొంతు ఇంటాను మావా" అంది. చిన్న స్పీకరు తగిలించి, బావ తల దగ్గర పెట్టింది. వాకిట్లో మాటలన్నీ ఆగిపోయాయి. బతికున్న గొంతు, చచ్చిపోయిన మనిషి పక్కన. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏరు పొంగే చోటు వచ్చింది. కూర్మయ్య ఆగాడు.

"ఒరే గంగులూ."

"ఆయ్ బావా, సెప్పు."

రేఖ చటుక్కున ఆపింది. "ఇది నాన్న ట్రాకులో నేదు" అంది. ఎవరికీ అర్థం కాలేదు. తండ్రి గొంతున్న ట్రాకు మూసేసింది. జముకూ మూసేసింది. గంగులు వంత ఒక్కటే ఉంచి మళ్ళీ వేసింది. ఒంటరిగా గంగులు పాడుతున్నాడు. ఆగాడు. బొంతల అవతల నుంచి, సన్నగా, ఊపిరి చాలని గొంతు పిలిచింది. దానికి నిండుగా, రాగంలో, గంగులు పలికాడు. మళ్ళీ "ఒరే" అన్నట్టుంది. అది వంత కింద పడి నలిగిపోయింది.

గంగులు నెత్తి మీద ఎవరో కొట్టినట్టు కూచుండిపోయాడు. ఆ చెవుడు ఇవాళైనా అక్కరకి రాకపోయిందే. వినబడలేదని చెప్పుకోవడానికి కూడా లేదు.

"ఇన్నానమ్మా" అన్నాడు రేఖతో. "ఇన్నాను. పలికినాను. లెగనేదు."

తాతమ్మ భర్త మొహం మీంచి చూపు తిప్పకుండానే అంది. "మీ బావ లెగొద్దన్నాడేటి?"

"అన్నాడక్కా."

"అలాగైతే లెగవు." మళ్ళీ తనే, "నీ పలుకు ఇని పోనాడు. నాకదీ నేదు" అంది.

రేఖ బొటనవేలు బొత్తాం మీదే ఉంది. "ఆ ముక్క తీసీమంటావా మావా? తీసేస్తే ఎవులికీ తెలీదు. కథ బాగుంటాది."

గంగులు అలవాటు చొప్పున బావ వైపు చూశాడు. మెడ దానంతటదే అటు తిరిగింది. బావ ముక్కుల్లో దూది ఉంది. అడగడానికి ఇంకెవరూ లేరు.

"ఉంచు" అన్నాడు. "నాను లెగనేదని ఇనేవోలకి తెలియాలి."

లేచి అరుగు మీదికొచ్చాడు. స్తంభం పక్కన, కూచున్న మనిషి చేతికందేలా, పిల్లల్నీ కుక్కల్నీ తోలడానికి ఏరి పెట్టుకున్న గులకరాళ్ళు కుప్పగా అలాగే ఉన్నాయి, గుమ్మం వైపు ఒక్కటీ విసరలేదు.